గోధుమ పడని వాళ్లు ఏం తినాలి?
(సీలియాక్ జబ్బు గురించి తెలుసుకుందాం)



మన గోడ పత్రికలో ఇంతకుముందు మలేరియా గురించి, నులిపురుగుల గురించి రాశారు. ఈసారి నేను ఎవరూ రాయని ఒక జబ్బు గురించి రాస్తున్నాను. దాని పేరు సీలియాక్. ఈ జబ్బు నాకు ఉంది. ఉప్మా పెట్టిన రోజు నేను ఎందుకు తినను, పూరీ ఎందుకు వద్దంటాను, నా కంచం విడిగా ఎందుకు దాచుకుంటాను అని చాలామంది అడుగుతున్నారు. ఒక్కొక్కరికి చెప్పేకన్నా అందరూ చదివేటట్టు ఇక్కడ రాస్తే మంచిదని అనుకున్నాను. నేను డాక్టరును కాదు. డాక్టరు గారు చెప్పినవి, సైన్సు మేడం గారిని అడిగి తెలుసుకున్నవి, రెండేళ్లుగా నేను పాటిస్తున్నవి రాస్తున్నాను.

గ్లూటెన్ అంటే ఏమిటి?

గోధుమ పిండి తడిపితే సాగుతుంది. అందుకే పూరీ, చపాతీ కర్రతో పల్చగా ఒత్తవచ్చు. జొన్న పిండి అట్లా సాగదు. కర్రతో ఒత్తితే పగిలిపోద్ది. అందుకే మన ఇళ్లల్లో జొన్న రొట్టె చేత్తో తడతారు. గోధుమ పిండిని సాగేటట్టు చేసే ఆ బంకే గ్లూటెన్. అది ఒక రకం ప్రోటీన్. గోధుమలో, బార్లీలో, రై అనే ఇంకో ధాన్యంలో ఈ రకం ప్రోటీన్లు ఉంటాయి.

కావాలంటే మీరే చూడవచ్చు. చిన్న గోధుమ పిండి ముద్దను గిన్నెలో నీళ్లు పోసి పిసుకుతూ కడగండి. తెల్లటి నీళ్లన్నీ పోయాక చేతిలో రబ్బరు లాంటి ముద్ద మిగులుతుంది. గ్లూటెన్ అదే. జొన్న పిండితో చేస్తే ఏమీ మిగలదు.

కడుపులో ఏం జరుగుతుంది?

మన చిన్న పేగు లోపల కంటికి కనిపించనంత సన్నటి పోగులు ఉంటాయి. టర్కీ తువ్వాలు మీద నూలు పోగులు ఉంటాయి కదా, అట్లాగ. కొత్త తువ్వాలు నీళ్లు బాగా పీలుస్తుంది. పోగులు అరిగిపోయిన తువ్వాలు పీల్చదు. పేగులోని పోగులు మనం తిన్న అన్నంలోని సత్తువను పీల్చి రక్తంలోకి పంపుతాయి.

మన ఒంట్లో రోగాల మీద యుద్ధం చేసే రక్షక కణాలు ఉంటాయి. సీలియాక్ ఉన్నవాళ్లు గోధుమ తింటే ఆ కణాలు గ్లూటెన్‌ను శత్రువు అనుకుంటాయి. దాని మీద చేసే యుద్ధంలో సొంత పేగునే పాడు చేస్తాయి. పోగులు అరిగిపోతాయి. అప్పుడు ఎంత తిన్నా ఒంటికి పట్టదు.

దీని గుర్తులు: కడుపు ఉబ్బరం, తరచుగా విరేచనాలు, రక్తం తక్కువ కావటం, నోటి పూత, నీరసం, వయసుకు తగ్గట్టు ఎదగకపోవటం. కొందరికి కడుపు నొప్పి ఏమీ ఉండదు, రక్తం మాత్రమే తగ్గుతూ ఉంటుంది. అందుకే తొందరగా బయటపడదు.

ఇది అంటురోగం కాదు. నా పక్కన పడుకుంటే రాదు. నా కంచంలో తింటే రాదు. తల్లిదండ్రుల నుంచి వచ్చిన కొన్ని జన్యువులు ఉండి, గోధుమ తింటూ ఉంటేనే వస్తుంది. జన్యువులు ఉన్న అందరికీ కూడా రాదు.

నాకు ఎట్లా తెలిసింది?

మాది సుగాలి తండా. మా ఇంట్లో బడి మెట్లు ఎక్కింది మొదట నేనే. ఇంటి దగ్గర జొన్న రొట్టె, అన్నం, పచ్చడి తిని పెరిగాను. ఐదో తరగతిలో హాస్టల్లో చేరిన తర్వాత కొన్నాళ్లకు నీరసం మొదలైంది. కడుపు ఉబ్బేది. రక్తం 7 గ్రాములకు పడిపోయింది. ఐరన్ మాత్రలు నెలల తరబడి వేసుకున్నా పెరగలేదు. కొందరు దిష్టి అన్నారు, కొందరు నులిపురుగులు అన్నారు, కొందరు చదువు ఎగ్గొట్టటానికి నాటకం అన్నారు.

విచిత్రం ఏమిటంటే వేసవి సెలవుల్లో తండాకు పోతే బాగుండేది. తిరిగి బడికి వస్తే మళ్లీ మొదలు. అది చూసి మా నాన్న, "దీనికి బడి పడట్లేదు, మానిపిద్దాం" అన్నాడు. మా యాడి, అంటే మా అమ్మ, ఏమీ అనలేక ఏడ్చింది. ఏడో తరగతిలో ఉండగా గుంటూరులో ఒక డాక్టరమ్మ దగ్గరకు తీసుకుపోయారు. ఆమె మాత్రలు రాయకముందు, ఇంట్లో ఏం తింటావు, బడిలో ఏం తింటావు అని వారం రోజుల తిండి అంతా అడిగి కాగితం మీద రాసుకుంది. రక్త పరీక్ష చేయించింది. తర్వాత నోట్లో నుంచి గొట్టం పంపి పేగు ముక్క తీసి పరీక్షించారు. అన్నీ చూసి మా నాన్నతో, "నీ బిడ్డకు పడనిది బడి కాదయ్యా, గోధుమ" అని చెప్పింది.

నాకు అది మరిచిపోలేని మాట. గోధుమ మానేసిన తర్వాత ఏడాదికి రక్తం 11 గ్రాములు దాటింది. బరువు పెరిగాను. ఇప్పుడు తొమ్మిదో తరగతి చదువుతున్నాను.

ఈ సంగతి ఎవరు కనిపెట్టారు?

1888లో లండన్‌లో శామ్యూల్ గీ అనే డాక్టరు ఈ జబ్బు గురించి వివరంగా రాశాడు. తిండితోనే నయం కావాలని కూడా చెప్పాడు. కానీ ఏ తిండి చెరుపు చేస్తుందో అప్పటికి తెలియదు. నెదర్లాండ్స్ దేశంలో డిక్కె అనే పిల్లల డాక్టరుకు 1930ల నుంచే గోధుమ మీద అనుమానం ఉంది. రెండో ప్రపంచ యుద్ధంలో, 1944-45 చలికాలంలో ఆ దేశంలో పెద్ద కరువు వచ్చింది. రొట్టెలు దొరకలేదు. అందరూ చిక్కిపోతుంటే ఈ జబ్బు ఉన్న పిల్లలు మాత్రం కోలుకున్నారు. మళ్లీ రొట్టెలు రాగానే వాళ్లకు జబ్బు తిరగబెట్టింది. దాంతో డిక్కె గారి అనుమానం గట్టిపడింది. 1950లో ఆయన దీని మీద పరిశోధన గ్రంథం రాశాడు.

మన వైపు ఎందుకు తెలియదు?

మన దేశంలో 23 వేల మందికి పైగా పెద్దవాళ్లను పరీక్షించి 2016లో ఒక సర్వే ప్రకటించారు. ఉత్తరాదిలో వంద మందిలో ఒకరికి పైగా ఈ జబ్బు ఉంది. దక్షిణాదిలో వెయ్యి మందిలో ఒకరికే ఉంది. కానీ జబ్బుకు కావలసిన జన్యువులు రెండు వైపులా దాదాపు మూడింట ఒక వంతు మందిలో ఉన్నాయి. మరి తేడా ఎక్కడ? ఉత్తరాదిలో ఒక మనిషి సగటున రోజుకు 455 గ్రాముల గోధుమ తింటే, దక్షిణాదిలో 25 గ్రాములే తింటున్నారు. ఇది ముఖ్యమైన కారణం కావచ్చని ఆ సర్వే చేసినవాళ్లు చెప్పారు.

మన పల్నాడు జొన్నల సీమ. శ్రీనాథ మహాకవి ఇక్కడికి వచ్చి, ఈ ఊళ్లల్లో జొన్న తిండి తప్ప వరి అన్నం దొరకదని చాటు పద్యంలో విసుక్కున్నాడని తెలుగు మాస్టారు చెప్పారు. ఆయన విసుక్కున్న జొన్నలే నాలాంటి వాళ్లకు ప్రాణం నిలబెట్టాయి. ఇప్పుడు మన తండాల్లోకి, గూడేల్లోకి కూడా బిస్కెట్లు, బన్నులు, నూడుల్సు వచ్చాయి. కాబట్టి ఈ జబ్బు గురించి మన వైపు కూడా తెలిసి ఉండాలి.

ఏవి తినకూడదు?

గోధుమకు మన దగ్గర చాలా పేర్లు ఉన్నాయి. గోధుమ పిండి, మైదా, గోధుమ రవ్వ, బొంబాయి రవ్వ, సేమియా అన్నీ గోధుమే. కాబట్టి ఇవి పనికిరావు:

1. చపాతీ, పూరీ, పరోటా, సమోసా, బ్రెడ్, బన్ను, రస్కు, మామూలు బిస్కెట్లు, కేకు, నూడుల్సు.
2. రవ్వ ఉప్మా, రవ్వ కేసరి, రవ్వ లడ్డు, సేమియా పాయసం.
3. మైదాతో చేసే కాజాలు, జిలేబి, బొబ్బట్లు, మైసూరు బోండా.
4. బార్లీ నీళ్లు. హార్లిక్సు, బూస్టు, బోర్నవీటా లాంటి పొడులు. వీటిలో బార్లీ ఉంటుంది.
5. అంగన్‌వాడీలో చిన్నపిల్లలకు ఇచ్చే బాలామృతం. అందులో వేయించిన గోధుమ ఉంటుంది. మంచిదే, కానీ ఈ జబ్బు ఉన్న పిల్లలకు కాదు.

కనిపించకుండా దాక్కునే గోధుమ ఇంకా ప్రమాదం. ముఖ్యంగా ఇంగువ. డబ్బాలో అమ్మే ఇంగువలో చాలా రకాల్లో గోధుమ పిండో మైదానో కలుపుతారు. పులిహోర బియ్యందే, సాంబారు కందిపప్పుదే, అయినా ఆ ఇంగువ వేస్తే నాకు పనికిరాదు. సోయా సాసులో కూడా గోధుమ ఉంటుంది. హోటల్లో దోశ కరకరలాడాలని మైదానో బొంబాయి రవ్వో కలుపుతారు. పునుగుల్లో కూడా మైదా కలుపుతారు.

ఏవి తినవచ్చు?

భయపడవద్దు. మన తిండిలో ఎక్కువ భాగం తినవచ్చు. అన్నం, జొన్న, సజ్జ, రాగి, కొర్ర, సామ, మొక్కజొన్న, అన్ని పప్పులు, కూరగాయలు, ఆకుకూరలు, పండ్లు, గుడ్లు, చేపలు, మాంసం, పాలు, పెరుగు, వేరుశనగలు, బెల్లం. వీటిలో వేటిలోనూ గ్లూటెన్ ఉండదు.

టిఫిన్లకు ఇడ్లీ, ఇంట్లో రుబ్బిన పిండితో దోశ, పొంగలి, అటుకులు, బొరుగుల ఉప్మా తినవచ్చు. ఇడ్లీ రవ్వ బియ్యం రవ్వ, ఉప్మా రవ్వ గోధుమ రవ్వ. రెండూ తెల్లగానే ఉంటాయి. సంచి మీద పేరు చూసి తీయాలి. పండుగకు అరిసెలు, సున్నుండలు చేసుకోవచ్చు. వేరుశనగ చిక్కీ మంచిది. రాగి జావ ఇంకా మంచిది. 100 గ్రాముల రాగుల్లో సుమారు 350 మిల్లీగ్రాముల కాల్షియం ఉంటుంది. బియ్యంలో పది మిల్లీగ్రాముల దగ్గరే ఉంటుంది. పేగు పాడై ఎముకల బలం తగ్గినవాళ్లకు రాగి బాగా పనికొస్తుంది.

కానీ పిండి మర దగ్గర జాగ్రత్త. గోధుమలు ఆడిన మరలోనే జొన్నలు పోస్తే గోధుమ పిండి కలుస్తుంది. మా యాడి జొన్నలు ఇంట్లో తిరగలితో విసురుతుంది. చేతులు నొప్పి పెడుతున్నా మర పట్టించదు.

కొంచెం తింటే ఏమవుతుంది?

"ఒక్క ముక్క తిను, ఏం కాదులే" అని ప్రేమతో అంటారు. మీ ప్రేమ నాకు తెలుసు. కానీ విదేశాల్లో డాక్టర్లు పరీక్షించి 2007లో ఒక సంగతి చెప్పారు. రోజుకు 50 మిల్లీగ్రాముల గ్లూటెన్ మూడు నెలలు తిన్నా పేగు పాడవుతుందట. ఒక బ్రెడ్ ముక్కలో సుమారు 2 గ్రాములు ఉంటుంది. అంటే బ్రెడ్ ముక్కను నలభై భాగాలు చేస్తే అందులో ఒక్క భాగం. లెక్కల నోటు మీద రాలే పొడి అంత. తిన్న రోజు నాకు ఏమీ కాకపోయినా లోపల పోగులు అరుగుతూనే ఉంటాయి.

గుడిలో రవ్వ కేసరి ప్రసాదం పెట్టినా, చర్చిలో రొట్టె ముక్క ఇచ్చినా దండం పెట్టి పక్కన ఇస్తాను. మా తీజ్ పండుగకు పెళ్లికాని పిల్లలం బుట్టల్లో గోధుమలు చల్లి తొమ్మిది రోజులు మొలకలు పెంచుతాం. దానికి నేను కూడా పోతాను. ముట్టుకుంటే ఏం కాదు, నోట్లోకి పోకూడదు, అంతే. చేతులు కడుక్కుంటాను. ప్రసాదం చూర్మాకు మా యాడి నా వాటా జొన్న బాటీతో చేస్తుంది.

వంట చేసే అక్కలకు మనవి

1. ఉప్మా కలిపిన గరిటె చట్నీ బకెట్లో పెట్టకండి. చట్నీ నాకు ముందే ఒక గిన్నెలో తీసి పెట్టండి.
2. పూరీలు కాల్చిన నూనెలో అప్పడాలు వేయిస్తే అవి నేను తినకూడదు. ముందు అప్పడాలు వేయించి, తర్వాత పూరీలు వేయండి.
3. చపాతీ పిండి తడిపిన చేత్తో అన్నం వడ్డించకండి. సబ్బుతో కడుక్కోండి.
4. కూర చిక్కబడటానికి మైదా, గోధుమ పిండి కలపకండి. శనగపిండి గానీ బియ్యప్పిండి గానీ చాలు.
5. ఇంగువ వేసే కూర అయితే తాలింపు పెట్టకముందే నా వాటా తీయండి.

ఈ ఐదింటికీ డబ్బు ఖర్చు ఏమీ లేదు. గుర్తుంటే చాలు.

వార్డెన్ మేడం గారికి మనవి

ఉప్మా, పూరీ పెట్టిన రోజు నాకు ఇడ్లీ గానీ అటుకులు గానీ పెట్టిస్తే చాలు. గోధుమ రహిత బిస్కెట్లు, రొట్టెలు బజారులో చాలా ఖరీదు. అవి అవసరం లేదు. కొత్తగా ఏ పిల్ల అయినా మాటిమాటికీ విరేచనాలు, రక్తం తక్కువ అని చెప్తే, మాత్రలకు తగ్గకపోతే, ఈ జబ్బు గురించి కూడా డాక్టరును అడగండి. ఒక సంగతి ముఖ్యం. పరీక్షలు అయ్యేదాకా గోధుమ మానిపించకూడదు. ముందే మానేస్తే పరీక్షలో జబ్బు బయటపడదు. ఒకరికి ఉంటే తోడబుట్టినవాళ్లకు, తల్లిదండ్రులకు కూడా పరీక్ష చేయించాలి. వాళ్లలో సుమారు పది మందిలో ఒకరికి ఉండే అవకాశం ఉంది. మా తమ్ముడికి చేయించాము, లేదని వచ్చింది.

దీనికి ఇంతవరకు మందు లేదు. జీవితాంతం గ్లూటెన్ లేని తిండి తినటమే మందు. పొరపాటున తింటే విరుగుడు కూడా లేదు. నీళ్లు, ఓఆర్ఎస్ తాగి పడుకోవాలి, మేడం గారికి చెప్పాలి. వేలు పెట్టి వాంతి చేయించకూడదు.

ప్యాకెట్టు చదవటం నేర్చుకోండి

ప్యాకెట్టు వెనక సన్న అక్షరాల్లో అందులో ఏమున్నదీ రాస్తారు. వీట్, ఆటా, మైదా, సూజీ, బార్లీ, మాల్ట్ అనే మాటలు కనిపిస్తే నేను ఆ ప్యాకెట్టు పక్కన పెడతాను. గ్లూటెన్ ఫ్రీ అని రాస్తే, ప్రభుత్వ నియమం ప్రకారం కిలోకు 20 మిల్లీగ్రాములకు మించి గ్లూటెన్ ఉండకూడదు. ఓట్సులో గోధుమ కలిసిపోయి ఉంటుంది కాబట్టి ఆ మాట లేకుండా తినకూడదు.

మా యాడికి చదువు రాదు. పిడుగురాళ్ల బజారులో ఏ ప్యాకెట్టు కొన్నా నా చేతికి ఇచ్చి, "చదివి చెప్పు బిడ్డా" అంటుంది. ఇంగ్లీషు అక్షరాలు కూడబలుక్కుని చదివి చెప్తాను. బడి మానేసి ఉంటే ఆ అక్షరాలు నాకు ఎవరు చదివి పెడతారు? ఇది మా నాన్నకు కూడా ఇప్పుడు అర్థమైంది. బస్సు ప్రయాణంలో అయితే అరటిపండ్లు, ఉడకబెట్టిన గుడ్లు, వేరుశనగలు కొనుక్కుంటాము. వాటికి ప్యాకెట్టు చదవాల్సిన పని లేదు.

స్నేహితులకు చివరి మాట

వేరే కంచం, వేరే గ్లాసు అంటే మన పెద్దవాళ్లకు చాలా బాధ. ఊళ్లో హోటళ్ల దగ్గర వాళ్లను బయట కూర్చోబెట్టి వేరే గ్లాసుల్లో టీ పోసిన రోజులు వాళ్లు చెప్తారు. అందుకని నా వేరే కంచం చూసి కొందరు నన్ను ఎవరో వెలివేశారని అనుకుంటున్నారు. అట్లా కాదు. నా కంచానికి గోధుమ అంటకూడదని నేనే పెట్టుకున్నాను. మీ నుంచి నాకు గానీ, నా నుంచి మీకు గానీ ఏ అంటూ లేదు.

కంచం వేరుగా ఉన్నా నేను మీ వరుసలోనే కూర్చుంటాను. పూరీల రోజు నన్ను చూసి జాలిపడి దూరం జరగబాకండి. పక్కనే కూర్చుని తినండి, కబుర్లు చెప్పండి. పదో తరగతి దాకా ఇదే హాస్టల్లో మీతో కలిసి చదువుకోవాలని నా కోరిక.

ఇట్లు,
మీ తోటి విద్యార్థిని,
9వ తరగతి, మాచవరం.